సిగ్నల్ చేరింది, ప్రాసెస్ లేవలేదు: పోస్ట్‌గ్రెస్ వర్కర్‌ను లినక్స్ నుంచి విండోస్‌కు మార్చిన కేస్ స్టడీ

శీతల గిడ్డంగులు నడిపే ఒక సంస్థ తన ఉష్ణోగ్రతల డేటాబేస్‌ను లినక్స్ సర్వర్ నుంచి విండోస్ సర్వర్‌కు మార్చుకుంది. డేటాబేస్ పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్. దానికి తోడుగా సి భాషలో రాయించుకున్న ఎక్స్‌టెన్షన్ ఒకటి ఉంది. అందులోని బ్యాక్‌గ్రౌండ్ వర్కర్, గిడ్డంగిలో ఉన్న గేట్‌వే పరికరానికి టీసీపీ ద్వారా కనెక్ట్ అయి, సెన్సర్ల రీడింగ్ వచ్చినప్పుడల్లా దాన్ని టేబుల్‌లో చేరుస్తుంది. గేట్‌వేతో మాట్లాడే పనిని పరికరంతో పాటు వచ్చిన లైబ్రరీకే వదిలేసింది. లినక్స్ మీద ఏ ఇబ్బందీ లేకుండా నడిచిన ఈ వర్కర్ విండోస్ కోసం తిరిగి కంపైల్ చేసినప్పుడు ఒక్క హెచ్చరిక కూడా ఇవ్వలేదు, పరీక్షలన్నీ నెగ్గింది, రీడింగ్‌లు సరిగ్గానే నమోదు చేసింది. ఇబ్బంది ఆపేటప్పుడు మొదలైంది. పగలు సర్వీస్‌ను ఆపమంటే వెంటనే ఆగేది. రాత్రి ప్యాచింగ్ వేళ అదే ఆదేశం ఇస్తే డేటాబేస్ ఆగేది కాదు.

రాత్రి డ్యూటీలో ఉన్న సిబ్బంది సర్వర్‌ను నడిపేందుకు, ఆపేందుకు వాడే పీజీ_సీటీఎల్ కమాండ్ డిఫాల్ట్‌గా ఎదురుచూసే 60 సెకన్లు చూసి, సర్వర్ ఆగలేదన్న సందేశం వచ్చాక టాస్క్ మేనేజర్‌లోకి వెళ్లి మిగిలిపోయిన ప్రాసెస్‌ను ముగించేసేవారు. వారి స్థానంలో ఎవరున్నా అదే చేస్తారు. అయితే అలా ముగిసిన ప్రాసెస్ ప్రాసెస్‌లన్నీ పంచుకునే షేర్డ్ మెమరీలో తాను వాడుతున్న స్లాట్‌ను శుభ్రంగా వదిలిపెట్టి పోదు. మిగిలిన ప్రాసెస్‌లను పుట్టించి పర్యవేక్షించే పోస్ట్‌మాస్టర్ ఆ సంగతి గమనించి దాన్ని క్రాష్ కింద లెక్కిస్తుంది. అందువల్ల మర్నాడు డేటాబేస్ మొదలైనప్పుడల్లా మార్పులను ముందుగా రాసి ఉంచే వాల్ లాగ్ నుంచి రికవరీ నడిచేది. డేటా ఏమీ పోలేదు, కానీ ప్రతి నిర్వహణ రాత్రీ క్రాష్‌తో ముగిసే వ్యవస్థను ఎవరూ నమ్మకంతో నడపలేరు. కారణం వెతికి సరిచేయమని నన్ను పిలిచారు.

సిగ్నళ్ల మీద పోస్ట్‌గ్రెస్ ఎంతగా ఆధారపడి ఉంది

పోస్ట్‌గ్రెస్ యూనిక్స్ వాతావరణంలో పుట్టింది. ఒక్కో కనెక్షన్‌కు ఒక్కో ప్రాసెస్ ఉంటుంది, ఆ ప్రాసెస్‌లు ఒకదాన్నొకటి హెచ్చరించుకోవడానికి సిగ్నళ్లను, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ చేరవేసే చిన్న సంకేతాలను, వాడుకుంటాయి. పోస్ట్‌మాస్టర్‌కు సిగ్‌హప్ వస్తే కాన్ఫిగరేషన్ తిరిగి చదువుతుంది. సిగ్‌టర్మ్ వస్తే ఉన్న సెషన్లు ముగిసేదాకా ఆగి మూతపడుతుంది. సిగ్‌ఇంట్ వస్తే సెషన్లను తెంపి త్వరగా మూతపడుతుంది. సిగ్‌క్విట్ వస్తే మెమరీలోని మార్పులను డిస్క్‌కు చేర్చే చెక్‌పాయింట్ కూడా లేకుండా తక్షణం మూతపడుతుంది. అవే సిగ్నళ్లు మామూలు బ్యాకెండ్‌కు, అంటే ఒక కనెక్షన్ పని చూసే ప్రాసెస్‌కు, చేరితే అర్థం మారుతుంది: సిగ్‌ఇంట్ నడుస్తున్న క్వెరీని రద్దు చేస్తుంది, సిగ్‌టర్మ్ సెషన్‌నే ముగిస్తుంది. స్టేట్‌మెంట్ టైమౌట్, డెడ్‌లాక్ కోసం డిఫాల్ట్‌గా ఒక సెకను తర్వాత జరిగే తనిఖీ, ఇవి సిగ్‌అలార్మ్ మీద నడుస్తాయి. పిల్ల ప్రాసెస్ చనిపోయిందన్న కబురు సిగ్‌చైల్డ్ రూపంలో వస్తుంది.

విండోస్‌లో వీటిలో దాదాపు ఏదీ లేదు. అక్కడి సి రన్‌టైమ్‌లో సిగ్నల్ అనే ఫంక్షన్ ఉన్న మాట నిజమే, కానీ అది గుర్తించేవి ఆరు సిగ్నళ్లే. అవి ఒక ప్రాసెస్ లోపల జరిగే సంగతులకు సంబంధించినవి తప్ప, ఒక ప్రాసెస్ మరో ప్రాసెస్‌కు పంపుకునేవి కావు. ఆ ఆరింటిలో సిగ్‌టర్మ్ పేరు కనిపిస్తుంది, కానీ విండోస్ తనంతట తానుగా దాన్ని ఎన్నడూ పుట్టించదు. కన్సోల్‌లో కంట్రోల్-సి నొక్కితే దానికి స్పందించే ఫంక్షన్, అంటే హ్యాండ్లర్, నడిచేది మెయిన్ థ్రెడ్‌లో కాదు, సిస్టమ్ అప్పటికప్పుడు సృష్టించే వేరొక థ్రెడ్‌లో. బయటి నుంచి మరో ప్రాసెస్‌ను ఆపడానికి అందుబాటులో ఉన్న టెర్మినేట్‌ప్రాసెస్ కాల్, యూనిక్స్‌లోని సిగ్‌కిల్ లాగే, ఆ ప్రాసెస్‌కు తనను తాను సర్దుకునే అవకాశం ఏమాత్రం ఇవ్వదు.

అందుకే 2005 జనవరిలో 8.0 వెర్షన్ విడుదలయ్యేదాకా విండోస్ మీద పోస్ట్‌గ్రెస్ సర్వర్ కావాలంటే యూనిక్స్ వాతావరణాన్ని అనుకరించే సిగ్‌విన్ పొరే దిక్కుగా ఉండేది. ఆ వెర్షన్ కోసం మాగ్నస్ హగాండర్, క్లాడియో నటోలి, బ్రూస్ మోమ్జియాన్ తదితరులు చేసిన పోర్టింగ్‌లో సిగ్నళ్ల భాగాన్ని నేను ఎంతో గౌరవంతో చదువుతాను. మా కేసు అర్థం కావాలంటే దాన్ని కొంత వివరంగా చూడాలి.

విండోస్ మీద కట్టిన సిగ్నల్ యంత్రాంగం

విండోస్‌లో ప్రతి పోస్ట్‌గ్రెస్ ప్రాసెస్‌లోనూ మెయిన్ థ్రెడ్‌తో పాటు సిగ్నళ్ల కోసమే ఒక థ్రెడ్ ఉంటుంది. అది పీజీసిగ్నల్ అన్న మాటకు ఆ ప్రాసెస్ సంఖ్యను చేర్చిన పేరుతో ఒక నేమ్డ్ పైప్ (ప్రాసెస్‌లు పేరును బట్టి మాట్లాడుకునే మార్గం) తెరిచి, దాని దగ్గర కాచుకుని ఉంటుంది. యూనిక్స్‌లో సిగ్నల్ పంపడానికి కిల్ అని పిలిచే చోట, విండోస్‌లో పోస్ట్‌గ్రెస్ సొంతంగా రాసుకున్న ఫంక్షన్ నడుస్తుంది. అది అవతలి ప్రాసెస్ పైప్‌లోకి సిగ్నల్ సంఖ్యను ఒక్క బైట్‌గా రాసి, అదే బైట్ తిరిగి జవాబుగా వచ్చేదాకా ఎదురుచూస్తుంది. పైప్ అప్పటికే మరో సిగ్నల్ పనిలో ఉంటే 1000 మిల్లీసెకన్ల వరకు ఓపిక పడుతుంది. పైప్ అసలే లేకపోతే అలాంటి ప్రాసెస్ లేదన్న యూనిక్స్ ఎర్రర్‌ను, అనుమతి లేకపోతే అనుమతి లేదన్న ఎర్రర్‌ను ఇస్తుంది. పైప్ తెగిపోతున్న దశలో ఉంటే మాత్రం విజయమనే చెబుతుంది. యూనిక్స్‌లో చనిపోయి ఇంకా లెక్క తేలని ప్రాసెస్‌కు సిగ్నల్ పంపినా జరిగేది అదే కదా. సిగ్‌కిల్ ఒక్కటి ఈ దారిలో పోదు, నేరుగా టెర్మినేట్‌ప్రాసెస్‌గా మారుతుంది.

కొత్త ప్రాసెస్ పుడుతున్న క్షణంలో సిగ్నల్ వస్తే ఏమిటన్న ప్రశ్నకు వారిచ్చిన సమాధానం నాకు మరీ నచ్చుతుంది. విండోస్‌లో ఫోర్క్, అంటే నడుస్తున్న ప్రాసెస్ తన నకలును పుట్టించే కాల్, లేదు కాబట్టి పోస్ట్‌మాస్టర్ పిల్ల ప్రాసెస్‌ను నిలిపి ఉంచిన స్థితిలోనే సృష్టిస్తుంది. దానికి కావలసిన వేరియబుల్స్‌ను షేర్డ్ మెమరీ ముక్క ద్వారా అందిస్తుంది, దాని పేరిట సిగ్నల్ పైప్‌ను తానే ముందుగా తెరిచి ఆ హ్యాండిల్‌ను కూడా అప్పగిస్తుంది, ఇవన్నీ అయ్యాకే దాన్ని నడవనిస్తుంది. పిల్ల ఇంకా కళ్లు తెరవకముందే పంపిన సిగ్నల్ కూడా వృథా పోకుండా పైప్ దగ్గర వేచి ఉంటుంది.

ఇక అందుకునే వైపు చూద్దాం. సిగ్నల్ థ్రెడ్ పైప్‌లో బైట్ చదివాక హ్యాండ్లర్‌ను తానే పిలవదు. పిలిస్తే మెయిన్ థ్రెడ్ ఒక పని మధ్యలో ఉండగా మరో థ్రెడ్ అదే డేటాను తాకినట్లవుతుంది, పోస్ట్‌గ్రెస్ కోడ్ దానికి సిద్ధంగా లేదు. కాబట్టి అది చేసేది రెండే పనులు: ఒక పూర్ణాంకంలో ఆ సిగ్నల్‌కు చెందిన బిట్‌ను వెలిగిస్తుంది, ఒక విండోస్ ఈవెంట్‌ను సెట్ చేస్తుంది. హ్యాండ్లర్ నడవాలంటే మెయిన్ థ్రెడ్ తనంతట తాను వచ్చి ఆ బిట్లను చూసుకోవాలి. చెక్ ఫర్ ఇంటరప్ట్స్ అనే మాక్రో విండోస్‌లో మొదట చేసే పని ఇదే.

మరి మెయిన్ థ్రెడ్ ఏదైనా కాల్‌లో ఆగిపోయి ఉంటే? ఈ పోర్టింగ్‌లో అసలు శ్రమంతా ఇక్కడే ఉంది. సాకెట్ మీద చదవడం, సెమాఫోర్ కోసం ఆగడం, కాసేపు నిద్రపోవడం, లాచ్ (నిద్రలో ఉన్న ప్రాసెస్‌ను లేపేందుకు సెట్ చేసే గుర్తు) కోసం వేచి ఉండడం, ఇలా సర్వర్ కోడ్ ఆగే ప్రతి చోటునూ వెతికి, కావలసిన వస్తువుతో పాటు ఆ సిగ్నల్ ఈవెంట్ మీద కూడా కలిపి ఎదురుచూసేలా తిరిగి రాశారు. సర్వర్ కోడ్‌లో సాకెట్ నుంచి చదివే రెసీవ్, సాకెట్‌లో డేటా కోసం ఆగే సెలెక్ట్ అని మామూలుగా రాసినా, విండోస్ హెడర్ ఫైలు వాటిని పోస్ట్‌గ్రెస్ సొంత ఫంక్షన్లుగా మార్చేస్తుంది. పీజీ_యూస్లీప్ సైతం విండోస్ బ్యాకెండ్‌లో సిగ్నల్ ఈవెంట్ మీద గడువు పెట్టి ఎదురుచూడటమే. సిగ్నల్‌ను చేరవేయడం ఒక పైప్‌తో, ఒక బైట్‌తో తీరిపోయే పని. ఆగి ఉన్న ప్రతి చోటునూ ఆ సిగ్నల్‌తో లేవగలిగేలా చేయడమే డేటాబేస్ పోర్టింగ్‌లో ఇంజనీరు భుజాన పడే బరువు, అది ఎక్స్‌టెన్షన్ రాసేవారికి కూడా వర్తిస్తుంది.

రోగ నిర్ధారణ

మొదట వర్కర్ ప్రాసెస్ సంఖ్యను పీజీ_స్టాట్_యాక్టివిటీ వ్యూ నుంచి తీసుకున్నాను. టాస్క్ మేనేజర్‌లో అన్నీ ఒకే పేరుతో కనబడతాయి కాబట్టి అక్కడ చూసి గుర్తుపట్టలేము. ఆ వరుసలోనే తొలి ఆధారం దొరికింది. గేట్‌వే నుంచి ఏమీ రాని సమయంలో వర్కర్ సీపీయూ వాడకం సున్నా, అంటే దేనికోసమో ఆగి ఉంది. కానీ వెయిట్ ఈవెంట్ గడి ఖాళీగా ఉంది. పోస్ట్‌గ్రెస్‌కు తెలిసిన పద్ధతిలో ఆగిన ప్రాసెస్ ఆ గడిలో తాను దేనికోసం ఆగిందో చెబుతుంది. ప్రాసెస్ ఆగి ఉండి, గడి ఖాళీగా ఉందంటే, అది పోస్ట్‌గ్రెస్‌కు తెలియని చోట ఆగిందని అనుమానించాలి.

తర్వాత ఆ వర్కర్‌కు సిగ్‌టర్మ్ పంపాను. విండోస్‌లో కిల్ కమాండ్ లేదు గనుక పీజీ_సీటీఎల్‌లోనే ఆ పని చేసే ఉపకమాండ్ ఉంది. అది విజయవంతమైనట్టే ముగిసింది. ఎస్‌క్యూఎల్ నుంచి పీజీ_టెర్మినేట్_బ్యాకెండ్ పిలిస్తే ట్రూ అని వచ్చింది. వర్కర్ మాత్రం కదలలేదు. ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్‌లో దాని థ్రెడ్ల స్టాక్‌లు తెరిచి చూస్తే రెండు థ్రెడ్ల పరిస్థితీ స్పష్టమైంది: సిగ్నల్ థ్రెడ్ తన పని ముగించుకుని తిరిగి పైప్ దగ్గర తర్వాతి కనెక్షన్ కోసం కాచుకుని ఉంది, మెయిన్ థ్రెడ్ తయారీదారు లైబ్రరీ లోపల, విండోస్ సొంత సాకెట్ వ్యవస్థ అయిన విన్‌సాక్ సెలెక్ట్ కాల్‌లో, ఏ గడువూ లేకుండా ఆగి ఉంది. లైబ్రరీ విడిగా కంపైలై వచ్చిన డీఎల్‌ఎల్. పోస్ట్‌గ్రెస్ హెడర్లు దానికి తెలియవు కాబట్టి దాని లోపలి సెలెక్ట్ అసలైన విన్‌సాక్ సెలెక్టే. బిట్ వెలిగింది, ఈవెంట్ సెట్ అయింది, వాటిని చూడవలసిన థ్రెడ్ మాత్రం మరెక్కడో ఉంది.

పగలు ఎందుకు ఆగేదో ఇప్పుడు తేలిపోతుంది. ఈ గేట్‌వే ఉష్ణోగ్రత మారినప్పుడే రీడింగ్ పంపుతుంది. పగలు తలుపులు తెరుస్తూ మూస్తూ ఉంటారు కాబట్టి కొద్ది సెకన్లకొకటి వస్తుంది. రీడింగ్ రాగానే సెలెక్ట్ తిరిగి వచ్చి, వర్కర్ ఇన్సర్ట్ నడుపుతుంది. ఆ ఇన్సర్ట్ లోపల ఎగ్జిక్యూటర్ చెక్ ఫర్ ఇంటరప్ట్స్ పిలుస్తుంది, వేచి ఉన్న సిగ్‌టర్మ్ హ్యాండ్లర్ అప్పుడు నడిచి ఫ్లాగ్ పెడుతుంది, లూప్ మరుసటి చుట్టులో ఆగిపోతుంది. రాత్రి గంటల తరబడి ఉష్ణోగ్రత మారదు. పరీక్షలన్నీ నకిలీ గేట్‌వే నుంచి నిరంతరం రీడింగ్‌లు కురిపిస్తూ చేసినవి కావడంతో ఈ తేడా వాటిలో బయటపడే వీలే లేకపోయింది.

లినక్స్‌లో ఎందుకు నడిచిందన్నది ఇంకా లోతైన ప్రశ్న. పోస్ట్‌గ్రెస్ అక్కడ హ్యాండ్లర్లను ఎస్‌ఏ_రీస్టార్ట్ ఫ్లాగ్‌తో నమోదు చేస్తుంది. అంటే రీడ్, రెసీవ్ వంటి కాల్‌లు సిగ్నల్ తర్వాత మళ్లీ కొనసాగుతాయి. అయితే పోల్, సెలెక్ట్ వంటి కాల్‌లను లినక్స్ ఆ ఫ్లాగ్ ఉన్నా తిరిగి మొదలుపెట్టదు, మధ్యలో అంతరాయం కలిగిందన్న ఎర్రర్‌తో వెనక్కి పంపుతుంది. లైబ్రరీ లినక్స్ రూపం పోల్ వాడుతుంది, ఆ ఎర్రర్‌ను డేటా లేదన్న కోడ్‌గా వర్కర్‌కు అందిస్తుంది, వర్కర్ ఫ్లాగ్ చూసుకుని ఆగుతుంది. ఇది పైకి సజావుగానే కనిపించినా అక్కడా ఒక సందు ఉంది: వర్కర్ ఫ్లాగ్ చూసిన తర్వాత, పోల్‌లోకి అడుగుపెట్టేలోపు సిగ్నల్ వస్తే, హ్యాండ్లర్ నడిచి ఫ్లాగ్ పెడుతుంది గానీ పోల్‌ను ఆపేదేమీ ఉండదు. ఆ సందు చాలా సన్ననిది కాబట్టి లినక్స్‌లో ఎవరి కంటా పడలేదు. విండోస్ ఆ సందును తలుపంత వెడల్పు చేసింది. పోర్టింగ్ చేసేటప్పుడు కొత్త ఆపరేటింగ్ సిస్టమ్‌ను తిట్టుకునే ముందు పాత దానిలో ఆ కోడ్ దేని దయతో నడిచిందో చూడాలని నేను గట్టిగా నమ్మడానికి ఇలాంటి కేసులే కారణం.

సరిచేసిన విధానం

ఆ వారం ప్యాచింగ్ ఆగకూడదు కాబట్టి ముందుగా తాత్కాలిక మార్పు ఇచ్చాం: లైబ్రరీ రీడ్ కాల్‌కు ఒక సెకను గడువు పెట్టి, గడువు తీరినప్పుడల్లా చెక్ ఫర్ ఇంటరప్ట్స్ పిలవడం. ఇది పనిచేస్తుంది. కానీ ఏ పనీ లేకుండా సెకనుకోసారి లేచే ప్రాసెస్‌ను శాశ్వత పరిష్కారంగా అంగీకరించలేము.

లైబ్రరీని వర్కర్ లోపలే వేరే థ్రెడ్‌లో నడిపి మెయిన్ థ్రెడ్‌ను ఖాళీగా ఉంచుదామన్న సూచన కూడా వచ్చింది. దాన్ని వద్దన్నాను. పోస్ట్‌గ్రెస్ మెమరీ కేటాయింపు, ఎర్రర్ రిపోర్టింగ్ రెండూ ఒకే థ్రెడ్ ఉంటుందన్న నమ్మకం మీద కట్టినవి. రెండో థ్రెడ్‌లో పొరపాటున లాగ్‌లోకి సందేశం రాసే ఈలాగ్ పిలుపు ఒకటి పడితే చాలు, ప్రాసెస్ ఎప్పుడు ఎలా చెడుతుందో చెప్పలేము.

మేము చేసింది ఎదురుచూసే పనిని లైబ్రరీ చేతి నుంచి తీసుకోవడం. లైబ్రరీ తన సాకెట్‌ను బయటికి ఇచ్చే ఫంక్షన్‌ను, డేటా లేకపోతే ఆగకుండా తిరిగి వచ్చే నాన్-బ్లాకింగ్ విధానాన్ని అందిస్తుంది. ఈ రెండూ లేకపోతే కథ వేరుగా ఉండేది. వర్కర్ ఇప్పుడు వెయిట్‌లాచ్ఆర్‌సాకెట్ ఫంక్షన్‌తో నాలుగింటి కోసం కలిపి ఎదురుచూస్తుంది: తన లాచ్, సాకెట్‌లో డేటా, పోస్ట్‌మాస్టర్ మరణం, ఒక నిమిషం గడువు. సిగ్‌టర్మ్ హ్యాండ్లర్ ఫ్లాగ్ పెట్టి లాచ్‌ను సెట్ చేస్తుంది. 9.1 వెర్షన్‌తో వచ్చిన ఈ లాచ్ పద్ధతి లినక్స్‌లోని ఆ సన్నని సందును కూడా మూసేస్తుంది. ఎదురుచూపులోకి వెళ్లకముందే సెట్ అయిన లాచ్ కూడా గుర్తుండిపోతుంది కాబట్టి సిగ్నల్ ఏ క్షణంలో వచ్చినా మేలుకొలుపు తప్పదు. విండోస్‌లో ఇదే ఫంక్షన్ లోపల సిగ్నల్ ఈవెంట్‌ను కూడా జాబితాలో చేర్చుకుని ఎదురుచూస్తుంది, అది మోగగానే వేచి ఉన్న హ్యాండ్లర్లను నడిపిస్తుంది.

రెండు సూక్ష్మాలు మాత్రం సమయం తీసుకున్నాయి. మొదటిది, లైబ్రరీ ఒక్క రీడ్‌లో సాకెట్ నుంచి దొరికినంతా లాక్కుని తన బఫర్‌లో దాచుకుంటుంది. ఒక రీడింగ్ మనకిచ్చి మరో రెండు బఫర్‌లో ఉంచుకుంటే, సాకెట్ ఖాళీగా కనిపిస్తుంది, మనం నిద్రపోతాం, ఆ రెండూ తర్వాతి రీడింగ్ వచ్చేదాకా టేబుల్‌కు చేరవు. కాబట్టి లైబ్రరీ ఇక ఏమీ లేదని చెప్పేదాకా ఖాళీ చేయించి, ఆ తర్వాతే ఎదురుచూపులోకి వెళ్లాలి. రెండోది విండోస్‌కే ప్రత్యేకం. అక్కడ సాకెట్‌ను ఈవెంట్‌కు ముడిపెట్టినప్పుడు, డేటా వచ్చిందన్న కబురు ఒకసారి ఇచ్చాక, రెసీవ్ పిలిచేదాకా మళ్లీ ఇవ్వదు. లైబ్రరీ కాల్ ఏ కారణంగానైనా రెసీవ్ దాకా వెళ్లకుండా తిరిగి వస్తే కబురు నిలిచిపోతుంది. ఒక నిమిషం గడువు పెట్టింది ఇలాంటి స్థితిలో కూడా వర్కర్ తనంతట తాను ఒకసారి చదివి చూసేందుకే.

మార్పు తర్వాత అదే నిశ్శబ్ద వేళలో పీజీ_స్టాట్_యాక్టివిటీ చూస్తే వెయిట్ ఈవెంట్ గడిలో ఎక్స్‌టెన్షన్ అని కనిపించింది. ఆపమనగానే ఆగింది. పరీక్షలను మూడు స్థితుల్లో, రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌ల మీదా జరిపాం: ఏ డేటా లేనప్పుడు, నిరంతరం వస్తున్నప్పుడు, ఒక సందేశం సగం వచ్చి ఆగినప్పుడు. మూడోది ఎవరూ అడగని పరీక్ష, కానీ నా అనుభవంలో మిగిలిన రెండింటి కంటే విలువైనది. ప్రతి స్థితిలోనూ పీజీ_సీటీఎల్‌తోనూ, విండోస్ సర్వీసుల కిటికీ నుంచీ ఆపి చూశాం. సర్వీస్‌గా నడిచేటప్పుడు స్టాప్ నొక్కితే చివరికి పోస్ట్‌మాస్టర్‌కు చేరేది సిగ్‌ఇంటే అయినా, దారి వేరు కాబట్టి రెండూ చూడాలి.

ఎదురుదిశలో వచ్చే ప్రమాదాన్ని కూడా ఆ బృందంతో చర్చించాను, ఎందుకంటే వారు ఇకపై విండోస్ మీదే కోడ్ రాసి లినక్స్‌కు పంపబోతున్నారు. విండోస్‌లో హ్యాండ్లర్ నడిచేది మెయిన్ థ్రెడ్ కోరి చూసుకున్న చోటే. అందువల్ల హ్యాండ్లర్‌లో మెమరీ కేటాయించినా, లాగ్ రాసినా అక్కడ చాలావరకు ఏమీ కాదు. లినక్స్‌లో అదే హ్యాండ్లర్ మెమరీ కేటాయించే మాలాక్ నడుమ, దాని లాక్ పట్టుకుని ఉన్న క్షణంలో కూడా వచ్చి పడగలదు, ప్రాసెస్ అక్కడే బిగుసుకుపోగలదు. మరో తేడా ఉంది: నేటి పోస్ట్‌గ్రెస్‌లో విండోస్ సిగ్నల్ థ్రెడ్ బిట్‌ను వెలిగించిన తర్వాతే పంపినవారికి జవాబిస్తుంది. కాబట్టి కిల్ తిరిగి వచ్చిందంటే అవతలి ప్రాసెస్ తర్వాతి తనిఖీలో ఆ సిగ్నల్‌ను తప్పక చూస్తుంది. యూనిక్స్ తరహా సిస్టమ్‌ల ప్రమాణమైన పోజిక్స్ అంత గట్టి హామీ ఇవ్వదు. విండోస్‌లో దొరికే ఈ హామీ మీద ఆధారపడి రాసిన పరీక్ష లినక్స్‌లో అప్పుడప్పుడు ఊరికే విఫలమవుతుంది. అందుకని హ్యాండ్లర్లలో ఫ్లాగ్ పెట్టడం, లాచ్ సెట్ చేయడం తప్ప మరేదీ ఉండరాదన్న నియమాన్ని కోడ్ సమీక్షలో చేర్పించాం. వీలైన చోట పోస్ట్‌గ్రెస్ 13 నుంచి సిద్ధంగా ఇస్తున్న హ్యాండ్లర్లనే వాడుతున్నాం.

ఒక్క చోటు మాత్రం లేపలేనిదిగా మిగిలింది. గేట్‌వేతో కనెక్షన్ తెగినప్పుడు లైబ్రరీ దాని పేరును డీఎన్‌ఎస్‌లో వెతుకుతుంది. ఆ వెతుకులాట రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌లలోనూ తన గడువులు తీరేదాకా మనకు లొంగదు, డీఎన్‌ఎస్ సర్వర్ పలకని రాత్రి అంతసేపూ వర్కర్ సిగ్‌టర్మ్‌ను పట్టించుకోలేదు. గిడ్డంగిలోని గేట్‌వేలకు స్థిరమైన ఐపీ చిరునామాలే ఉన్నాయి కనుక కాన్ఫిగరేషన్‌లో పేర్ల బదులు ఆ చిరునామాలు రాయించాం, కనెక్ట్ కాల్‌ను కూడా నాన్-బ్లాకింగ్‌గా మార్చి అదే లాచ్ ఎదురుచూపు కిందికి తెచ్చాం.